పాలు మానేస్తే పొట్ట తగ్గుతుందా?

ఈ నెల నాకొచ్చిన ప్రశ్నల్లో పాల మీద వచ్చినన్ని ఇంక దేని మీదా రాలేదు. పాలు తాగితే లావవుతామా? డైటింగ్‌లో పెరుగు తినొచ్చా? టోన్డ్ పాలంటే నీళ్ల పాలేనా? రాత్రిపూట తాగితే కొవ్వు పేరుకుంటుందా? ఒక్కోదానికీ విడిగా రాసే బదులు, వివరాలన్నీ చక్కగా రాసిన ఒక ఉత్తరాన్ని తీసుకుంటున్నా. దాన్ని పట్టుకుని వెళ్తే మిగతావాళ్లకీ జవాబులు దొరుకుతాయి.

"నాకు 24 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 86 కేజీలు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఫ్రెండ్స్‌తో రూమ్‌లో ఉంటాను. ఊళ్లో మాకు రెండు గేదెలున్నాయి. నా ఇంజినీరింగ్ ఫీజుల్లో సగం ఆ పాల డబ్బులే. ఇంటికెళ్తే అమ్మ ముందు పెద్ద గ్లాసు నిండా పాలు తెచ్చి చేతిలో పెడుతుంది. జిమ్‌లో ట్రైనర్ పాలు, పెరుగు పూర్తిగా బంద్ చేయమన్నాడు. చేసి మూడు నెలలైంది. మొదటి వారం రెండు కేజీలు తగ్గాను. ఆ తర్వాత ముల్లు కదల్లేదు. టీ మాత్రం మానలేకపోతున్నా, రోజుకి అయిదు పడాల్సిందే. ఇంటికెళ్లినప్పుడు పాలు వద్దంటే అమ్మ బాధపడుతుందని, కడుపు బాగోలేదని అబద్ధం చెప్తున్నా. ఆవిడ నిజంగానే భయపడి డాక్టర్‌కి చూపించుకోమంటోంది. అసలు పాలు మానాల్సిన అవసరం ఉందా మేడమ్?"

సూటిగా చెప్పాలంటే, లేదు. పాలు పడనివాళ్లని పక్కన పెడితే, బరువు తగ్గడం కోసం పాలు, పెరుగు మానాల్సిన పని లేదు. ఎన్ని తాగుతున్నారు, ఏ పాలు తాగుతున్నారు, వాటిలో ఏం కలుపుకుంటున్నారు అన్నవే చూసుకోవాలి. ఈ మూడింటి దగ్గరే మనవాళ్లలో చాలామందికి లెక్క తప్పుతుంది.

మానేశానన్న పాలు ఎక్కడికీ పోలేదు

ముందు ఆ అయిదు టీల సంగతి చూద్దాం. కప్పుకి 75 మి.లీ. పాలు, రెండు చెంచాల చక్కెర వేస్తారనుకుందాం. రూమ్‌లో టీ అంటే చిక్కగా ఉండాలని ఫుల్ క్రీమ్ ప్యాకెటే తెస్తారు కదా. అయిదు కప్పులకి పాలు 375 మి.లీ. చక్కెర పది చెంచాలు, అంటే 50 గ్రాములు.

పాలు మానేశానంటున్న మనిషి కడుపులోకి రోజూ అర లీటరు ప్యాకెట్‌లో మూడొంతులు వెళ్తోంది! కేలరీల్లో చెప్పాలంటే ఒక్కో కప్పూ సుమారు 105. అయిదు కప్పులకి 525. రెండు ఇడ్లీలు, సాంబారు కడుపు నిండా తిన్నా అంత రాదు.

ఇక చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, మనం విడిగా కలుపుకునే చక్కెరలు రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదు. 5 శాతంలోపు ఉంటే ఇంకా మంచిది. 2,000 కేలరీలు తినే మనిషికి 10 శాతమంటే 50 గ్రాములు, 5 శాతమంటే 25 గ్రాములు. అంటే ఈ అబ్బాయి బిస్కెట్, స్వీట్, కూల్ డ్రింక్ జోలికి పోకుండానే, టీలతోనే ఆఖరి గీత దాకా వచ్చేశాడు. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ అనే చక్కెర మాత్రం ఈ లెక్కలోకి రాదు.

మరి మొదటి వారం తగ్గిన రెండు కేజీలు? పాలు, పెరుగు మానినప్పుడు వాటితో పాటు పెరుగన్నం పోయింది, అందులో నంజుకునే ఆవకాయ పోయింది. అన్నం తగ్గితే ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ తగ్గుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు తగ్గినా ఒంట్లో నీరు తగ్గుతుంది. ఏ డైట్ మొదలుపెట్టినా మొదటి వారం ముల్లు గబగబా దిగేది అందుకే. అందులో ఎక్కువ భాగం నీరు. ఆ సంబరం చూసే చాలామంది 'పాలే నా శత్రువు' అని తేల్చేసుకుంటారు.

గ్లాసులో ఏముంది?

పాలలో దాదాపు 87 శాతం నీళ్లే. మిగిలినదాంట్లో ప్రోటీన్, కొవ్వు, లాక్టోజ్, ఖనిజాలు ఉంటాయి. ప్రోటీన్, లాక్టోజ్ ఏ పాలలోనైనా కాస్త అటూ ఇటూగా ఒకటే. 100 మి.లీ.లో ప్రోటీన్ మూడు గ్రాముల పైచిలుకు, లాక్టోజ్ అయిదు గ్రాముల దాకా, కాల్షియం 110-120 మిల్లీగ్రాముల వరకు ఉంటాయి. తేడా అంతా కొవ్వులోనే.

ప్యాకెట్ పాలకి మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన కొలతలు ఇవి. పక్కన 200 మి.లీ. గ్లాసుకి సుమారు కేలరీలు ఇచ్చాను, చక్కెర వేయకుండా.

ఫుల్ క్రీమ్: కనీసం 6 శాతం కొవ్వు - 175 కేలరీలు
స్టాండర్డైజ్డ్: 4.5 శాతం - 150
టోన్డ్: 3 శాతం - 120
డబుల్ టోన్డ్: 1.5 శాతం - 95
స్కిమ్డ్: అర శాతానికి మించదు - 70

ఫుల్ క్రీమ్‌కీ డబుల్ టోన్డ్‌కీ గ్లాసు మీద 80 కేలరీల తేడా. రోజుకి రెండు గ్లాసులు తాగేవాళ్లకి 160. నడకలో అంత ఖర్చు చేయాలంటే చాలామందికి అరగంట పైనే పడుతుంది. ప్రోటీన్, కాల్షియం మాత్రం రెండింట్లోనూ అంతే.

దుకాణంలో 'నీలం ప్యాకెట్ ఇవ్వండి, ఆకుపచ్చది ఇవ్వండి' అని రంగు చెప్పి కొనడం మనకి అలవాటు. ఆ అలవాటుతో జాగ్రత్త. ఒక డెయిరీ టోన్డ్ పాలకి వాడే రంగునే ఇంకో డెయిరీ వేరే రకానికి వాడొచ్చు. రంగు వదిలేసి ప్యాకెట్ మీద మాట చదవండి. కొవ్వు ఎంతో అక్కడే రాసి ఉంటుంది.

'టోన్డ్ అంటే నీళ్లు కలిపినవి' అని చాలామంది పెద్దవాళ్ల నమ్మకం. టోన్డ్ పాలు మన దేశంలోనే పుట్టాయి. 1940ల్లో బొంబాయి నగరానికి పాల సరఫరా చూసిన దారా ఖురోడీ పేరు దీనికి చెప్తారు. గేదె పాలలో కొవ్వు ఎక్కువ కాబట్టి, వెన్న తీసిన పాలపొడి, నీళ్లు సరైన పాళ్లలో కలిపితే కొవ్వు తగ్గుతుంది, ప్రోటీన్, ఖనిజాలు తగ్గకుండా ఉంటాయి. ఎక్కువమందికి, తక్కువ ధరకి పాలు అందాలన్నది అప్పటి ఉద్దేశం. మనం ఇంట్లో చిక్కటి పాలలో చెంబెడు నీళ్లు కలిపామనుకోండి, కొవ్వుతో పాటు ప్రోటీన్, కాల్షియం కూడా పలచబడతాయి. రెండూ ఒకటి కావు.

ఇంట్లో గేదె పాలే ఉంటే?

ఊళ్లో ఉండేవాళ్లకి, పాలవాడి దగ్గర పోయించుకునేవాళ్లకి ప్యాకెట్ లెక్కలు పనికిరావు. గేదె పాలు 100 మి.లీ.కి సుమారు వంద కేలరీలని గుర్తు పెట్టుకుంటే చాలు. మేత, జాతి, ఈనిన కాలాన్ని బట్టి కాస్త మారుతుంది. అమ్మ ఇచ్చే 'పెద్ద గ్లాసు' 300 మి.లీ. పట్టేదైతే, రెండు చెంచాల చక్కెరతో కలిపి 340 కేలరీలు. ఒక పూట టిఫిన్‌తో సమానం. టిఫిన్‌కి బదులుగా తాగితే సరే, టిఫిన్ మీద తాగితేనే ఇబ్బంది.

దీనికి ఇంట్లోనే మార్గం ఉంది. పాలు బాగా కాచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పైన కట్టిన మందపాటి మీగడ తీసేయండి. కొవ్వులో కొంత దాంతో పోతుంది. ఎంత పోయిందో ఇంట్లో కొలవలేం గానీ, ప్రోటీన్, కాల్షియం దాదాపుగా పాలలోనే ఉండిపోతాయి. అయితే ఆ తీసిన మీగడ వెన్నయి, నెయ్యయి తిరిగి మీ పప్పన్నంలోకే వస్తే లెక్క మళ్లీ మొదటికే! చెంచా నెయ్యికి 45 కేలరీలు. నెయ్యి మానమని కాదు, అది కూడా లెక్కలో ఉందని గుర్తుంచుకోండి.

ఒక్కమాట. 'పచ్చి పాలలోనే బలం' అని కాయకుండా తాగే వీడియోలు ఈ మధ్య చూస్తున్నా. పచ్చి పాలతో బ్రుసెల్లోసిస్, క్షయ లాంటి జబ్బులు సోకే ప్రమాదం ఉంది. మరిగించాకే తాగండి.

పాలు తాగితే సన్నబడతారా?

ట్రైనర్లు ఒకవైపు పాలు మానమంటుంటే, ఇంకోవైపు 'పాలలో కాల్షియం కొవ్వుని కరిగిస్తుంది' అనే ప్రచారమూ ఉంది. దీనికో కథ ఉంది.

2000వ దశకం మొదట్లో అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ జెమెల్ అనే శాస్త్రవేత్త, కేలరీలు తగ్గించి తినేవాళ్లు పాల పదార్థాలు ఎక్కువగా తీసుకుంటే బరువు ఇంకా బాగా తగ్గుతున్నారని చెప్పారు. 2004లో వచ్చిన ఆయన అధ్యయనంలో పాల్గొన్నది 32 మంది. డెయిరీ వ్యాపారులకి అంతకన్నా ఏం కావాలి? రోజుకి మూడుసార్లు పాల పదార్థాలు తీసుకుంటే సన్నబడతారని అమెరికా అంతటా ప్రకటనలు వచ్చాయి. తర్వాత వేరేవాళ్లు చేసిన పరిశోధనల్లో అదే ఫలితం నిలకడగా రాలేదు. చివరికి 2007లో, ప్రకటనల మీద నిఘా ఉంచే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జోక్యం చేసుకున్నాక ఆ ప్రకటనలు ఆగిపోయాయి.

2012లో 29 ప్రయోగాల ఫలితాలని కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. మామూలుగా తింటూ పాలు ఎక్కువ తాగితే బరువు తగ్గలేదు. కేలరీలు తగ్గించి తింటున్నవాళ్లలో మాత్రం పాల పదార్థాలు తీసుకున్నవాళ్లు కాస్త ఎక్కువ తగ్గారు. ఆ 'కాస్త' కిలో కూడా కాదు.

దీన్నిబట్టి ఏం అర్థమవుతోంది? పాలు సన్నబడే మందూ కాదు, లావెక్కించే విషమూ కాదు. అదొక ఆహారం, అంతే. కేలరీల హద్దులో ఉంటే డైట్‌లో ఇమిడిపోతుంది. ఆ ప్రోటీన్ వల్ల ఆకలి కాసేపు ఆగుతుంది.

మానేస్తే ఏం పోతుంది?

పొట్ట తగ్గకపోయినా మానేస్తే నష్టం ఏముంది అని అడగొచ్చు. నష్టం ఉంది. కాకపోతే అది ఇవాళ అద్దంలో కనిపించేది కాదు.

మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, హైదరాబాద్ తార్నాకలో. ఐసీఎంఆర్ కింద పనిచేసే ఈ సంస్థ చెప్పే రోజువారీ పళ్లెంలో, 2,000 కేలరీలు తినే పెద్దవాళ్లకి పాలు లేదా పెరుగు కలిపి 300 మి.లీ. ఉంది. పెద్దవాళ్లకి కావాల్సిన కాల్షియం రోజుకి 1,000 మిల్లీగ్రాములు. ఆ 300 మి.లీ. పాలే అందులో మూడో వంతుకి పైగా ఇచ్చేస్తాయి. పది గ్రాముల దాకా ప్రోటీన్, శాకాహారులకి వేరే చోట దొరకడం కష్టమైన విటమిన్ బీ12 కూడా వస్తాయి.

'మరి రాగులు తింటాను కదా' అంటారు. తినండి, రాగులు బంగారం లాంటివి. అయితే అదే కాల్షియం రాగుల్లో రావాలంటే 100 గ్రాముల పిండి కావాలి, దాంతో 320 కేలరీలు వస్తాయి. 300 మి.లీ. టోన్డ్ పాలకి 175 కేలరీలే. మునగాకు, నువ్వులు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు కూడా మంచివే. పాలు తాగని ఇళ్లలో వీటితో కాల్షియం తెచ్చుకోవచ్చు. కానీ 'పాలు మానేశా' అన్నవాళ్లలో 'వాటి బదులు రోజూ ఇది తింటున్నా' అని చెప్పేవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపిస్తారు. తీసేయడం ఒక్కరోజులో అయిపోతుంది, ఆ ఖాళీ నింపడమే ఎవరికీ గుర్తుండదు.

ఎముకల బలం దాదాపు ముప్పై ఏళ్ల లోపే గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఇరవైల్లో ఉన్నవాళ్లు, అందులోనూ తక్కువ తింటూ పాలు కూడా మానేసిన అమ్మాయిలు, చేజేతులా పోగొట్టుకుంటున్నది అదే. తక్కువ తిని, ప్రోటీన్ కూడా తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ముల్లు దిగుతుంది కానీ ఒంట్లో సత్తువ పోతుంది.

బాదం పాలు, ఓట్స్ పాలు లాంటివి కొనేవాళ్లూ చూసుకోండి. చక్కెర లేని బాదం పాలలో కేలరీలు తక్కువే, కానీ ప్రోటీన్ దాదాపు శూన్యం. మొక్కల నుంచి వచ్చే పాలలో ప్రోటీన్ విషయంలో మామూలు పాలకి దగ్గరగా ఉండేది సోయా. కాల్షియం విడిగా కలిపారో లేదో డబ్బా మీద చూడండి.

అసలు బరువు ఇక్కడ పెరుగుతోంది

పాలతో బరువు పెరిగామనేవాళ్ల లిస్టు రాయించి చూస్తే, నాకు ఎక్కువగా దొరికేవి ఇవి.

టీ, కాఫీ. లెక్క పైన చూశారు. సాయంత్రం ఇరానీ చాయ్, పక్కన ఉస్మానియా బిస్కెట్ తోడైతే ఇంకా పైకి.

పాలలో కలిపే పొడులు. చాలా మాల్ట్ పొడుల్లో చక్కెర గట్టిగానే ఉంటుంది. బోర్న్‌విటా సహా ఇలాంటి పానీయాలని 'హెల్త్ డ్రింక్స్' విభాగంలో చూపించొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పింది. డబ్బా వెనక 'యాడెడ్ షుగర్స్' అన్న వరుస చూడండి. అక్కడ తెలిసిపోతుంది.

సీసాల్లో బాదం పాలు, లస్సీ, మిల్క్‌షేక్. లేబుల్ మీద అంకెలు 100 మి.లీ.కి ఇస్తారు. సీసా 200 మి.లీ. అయితే రెండింతలు చేసుకోవాలి.

పనీర్. ప్రోటీన్ బాగుంటుంది, నిజమే. కానీ ఫుల్ క్రీమ్ పాలతో చేసిన పనీర్ 100 గ్రాములకి 300 కేలరీల దాకా ఉంటుంది. బటర్ మసాలాలో తేలుతున్న పనీర్‌ని 'ప్రోటీన్ కోసం' తింటున్నామని చెప్పుకోవద్దు.

పెరుగన్నం. ఇది కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. మన భోజనం వరస తెలుసు కదా. ముందు పప్పన్నం, తర్వాత కూర, ఆపైన పులుసో చారో, చివర్లో పెరుగు. పెరుగు దగ్గరికి వచ్చేసరికి కడుపు నిండిపోయి ఉంటుంది. అయినా 'పెరుగన్నం తినకుండా లేవకూడదు' అని ఇంకో రెండు గరిటెల అన్నం పెట్టుకుంటాం. కప్పు అన్నం సుమారు 200 కేలరీలు. దాని మీద వేసుకున్న వంద గ్రాముల టోన్డ్ పాల పెరుగు 60 కేలరీలు. నేరం అన్నానిది, శిక్ష పెరుగుకి!

పెరుగు వదలకండి. కంచంలో అన్నం మొత్తం ఎంతో ముందే పెట్టుకోండి. అందులోంచే చివరికి కొంచెం మిగుల్చుకుని పెరుగు కలుపుకోండి. లేదంటే పెరుగు విడిగా గిన్నెలో వేసుకుని, కీరా ముక్కలో దానిమ్మ గింజలో కలిపి తినండి. ఎండాకాలం అయితే మజ్జిగ. 50 గ్రాముల పెరుగుని గ్లాసుడు నీళ్లలో చిలికి, అల్లం, కరివేపాకు వేసుకుంటే 30 కేలరీలు. సాయంత్రం కూల్ డ్రింక్ బదులు ఇది తాగితే ఎంత మిగులుతుందో మీరే చూసుకోండి.

పాలు పడనివాళ్లు

కొందరికి పాలు తాగిన గంటా రెండు గంటల్లో కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు అవుతాయి. లాక్టోజ్‌ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నతనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. ఉత్తరాది కంటే మన దక్షిణాదిలో ఇది ఎక్కువ. ఇది జబ్బు కాదు, బలహీనత అంతకన్నా కాదు. వీళ్లు పాలు మానగానే 'పొట్ట లోపలికి వెళ్లింది' అంటారు. నిజమే, ఉబ్బరం తగ్గుతుంది. తగ్గింది గాలి, కొవ్వు కాదు.

ఇలాంటివాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. తోడు పెట్టినప్పుడు బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత వాడేసుకుంటుంది. పాలు కావాలనుకుంటే వంద మి.లీ.తో మొదలుపెట్టి, భోజనంతో పాటు తాగి చూడండి. లాక్టోజ్ లేని పాలు కూడా దొరుకుతున్నాయి. అవి కాస్త తియ్యగా అనిపిస్తాయి, చక్కెర కలిపారని కంగారు పడొద్దు. లాక్టోజ్‌ని ముందే విడగొట్టడం వల్ల వచ్చే తీపి అది. కేలరీలు మాత్రం మామూలు పాలంతే.

పాలు తాగగానే దద్దుర్లు, పెదవులు వాయడం, ఆయాసం లాంటివి వస్తే అది వేరే సంగతి. అది అలర్జీ. పెరుగు కూడా ముట్టకుండా డాక్టర్‌ని కలవండి.

ఉత్తరం రాసిన అబ్బాయికి

మీ ఎత్తుకి 86 కేజీలంటే బీఎంఐ 29కి దగ్గర. మన భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటాం. కాబట్టి తగ్గాలన్న మీ ఆలోచన సరైనదే. జిమ్ మానకండి.

టీలు అయిదు నుంచి రెండుకి దించండి. ఒకేసారి వద్దు, వారానికొకటి. టోన్డ్ పాలు, కప్పుకి అర చెంచా చక్కెర. ఆ రెండు కప్పులకి 110 కేలరీలు. మధ్యాహ్నం భోజనంలో 150 గ్రాముల పెరుగు, దానికి 90. మొత్తం 200 కేలరీలు. ఇప్పుడు టీల మీద పోతున్న 525తో పోల్చండి. రోజుకి 325 మిగిలాయి, పాలూ పెరుగూ కలిపి సరిగ్గా 300 మి.లీ. దగ్గర నిలిచాయి. ప్రోటీన్‌కి రెండు గుడ్లు, మధ్యాహ్నం రాత్రి పప్పు చేర్చండి. మీరు శాకాహారి అయితే గుడ్ల బదులు సెనగలో సోయా ముక్కలో వేసుకోండి.

ఇంటికెళ్లిన రోజు పాలు తాగండి. మీగడ తీసి, చక్కెర లేకుండా, పెద్ద గ్లాసు బదులు 200 మి.లీ. పట్టే గ్లాసుతో. ఆ రోజు టీలు మానేయండి, సరిపోతుంది. అమ్మకి కడుపు బాగోలేదని చెప్పొద్దు. 'బరువు తగ్గుతున్నానమ్మా, చిన్న గ్లాసు చాలు, మీగడ తీసెయ్' అనండి. పాలు అమ్మి ఇల్లు నడిపిన మనిషికి కొవ్వు శాతం అంటే ఏంటో మీ ట్రైనర్ కంటే బాగానే తెలుసు. పాల కేంద్రంలో ఆవిడకి డబ్బులు కట్టిచ్చేదే ఆ శాతాన్ని బట్టి కదా!

గబగబా ఇంకొన్ని

రాత్రి తాగితే కొవ్వు పడుతుందా? గడియారం చూసి కొవ్వు పేరుకోదు. రోజు మొత్తం మీద ఎంత తిన్నారన్నదే లెక్క. రాత్రి భోజనం మీద అదనంగా తాగితే అదనమే.

పసుపు పాలతో బరువు తగ్గుతుందా? పసుపు వేస్తే కేలరీలు తగ్గవు. రుచి కోసం తాగండి.

ఏ2 పాలు? బరువు తగ్గడానికి ఏ2 పాలు మామూలు పాల కంటే మేలని ఆధారం లేదు. ధర మాత్రం ఎక్కువ.

జీఎం డైట్‌లో నాలుగో రోజు పాలు, అరటిపళ్లే కదా? అలాంటి ఏడు రోజుల డైట్లలో పోయేది ఎక్కువగా నీరు, కొంత కండ. ఎనిమిదో రోజు నుంచి తిరిగి వస్తుంది.

పీసీఓఎస్ ఉంటే పాలు మానాలా? ఈ సమస్యకి ఫలానా డైట్ మిగతావాటి కంటే గొప్పదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు తేల్చలేదు. పాలు తాగితే ఇబ్బంది ఉంటే తప్ప మానక్కర్లేదు.

మాత్రలతో పాటు పాలు తాగొచ్చా? థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి. అరగంట నుంచి గంట ఆగాకే టీ, పాలు. కాల్షియం మాత్ర అయితే నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రని కూడా పాలతో, టీతో మింగొద్దు, ఒంటికి పట్టదు.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇక్కడ చదివింది పట్టుకుని మార్పులు చేయకండి. మీ డాక్టర్ చెప్పిందే మీకు లెక్క. 18 ఏళ్ల లోపు పిల్లలు బరువు తగ్గాలని పాలు మానేయడం అసలు వద్దు.

ఈ వారం పని

మూడు రోజుల పాటు ఫోన్‌లో నోట్స్ తెరిచి రెండే విషయాలు రాయండి: ఎన్ని కప్పుల టీ, కప్పుకి ఎన్ని చెంచాల చక్కెర. ఒక్కసారి మీ గ్లాసు నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లని కొలత గీతలున్న సీసాలోకి ఒంపి ఎన్ని మి.లీ. పట్టిందో చూసుకోండి. మీరు 'ఒక గ్లాసు' అనుకుంటున్నది 200 మి.లీ.నో 350 మి.లీ.నో తేలిపోతుంది. ఆ అంకెలు నాకు పంపండి. వచ్చే వారం మజ్జిగ, పెరుగు, గడ్డ పెరుగు, గ్రీక్ యోగర్ట్ పక్కపక్కన పెట్టి, దేనికి ఎంత డబ్బు పెట్టొచ్చో చూద్దాం.